అనంతపురంలో కొయ్య ఓడలు: ఆరేళ్లు, మూడు కిట్లు

కొయ్య ముక్కలు అతికించి చిన్న ఓడ నమూనా చేసుకునే కిట్లు దొరుకుతాయి. వాటిలో నా మొదటిదాన్ని పెట్టె మీద బొమ్మ చూసి కొన్నాను. మూడు తెరచాప కొయ్యల పెద్ద యుద్ధనౌక. పద్నాలుగు నెలలు కుస్తీ పట్టినా ముక్కు దగ్గర ఒంటికి అతికించే సన్నటి కొయ్య పట్టీలు దాటలేకపోయాను. అది ఇంకా అటక మీదే ఉంది. అందుకే కొత్తవాళ్లకు చెప్తున్నా, ఓడ పేరు చూడకండి, దాని ఒంటి వంపు చూడండి. ముక్కు గుండ్రంగా ఉంటే ప్రతి పట్టీనీ వంచాలి, మెలితిప్పాలి, కొసన సన్నంగా చెక్కాలి.

రెండోసారి మోడల్ షిప్‌వేస్ అనే అమెరికా కంపెనీ వాళ్ల లోవెల్ డోరీ తీసుకున్నాను, 1:24 స్కేలు, అంటే అసలుదానిలో ఇరవై నాలుగో వంతు. చదునైన అడుగున్న చేపల పడవ. కెనడా తూర్పు తీరం దగ్గరి గ్రాండ్ బ్యాంక్స్ సముద్రంలో కాడ్ చేపలు పట్టేవాళ్లు ఇలాంటివాటిని గిన్నెల్లా ఒకదాంట్లో ఒకటి పేర్చి ఓడ మీద తీసుకెళ్లేవాళ్లు. పక్కలకు వెడల్పాటి పలకలు కొన్నే ఉంటాయి. నాకు చేయి తిరిగింది దీంతోనే. ధరకు తోడు దిగుమతి సుంకం కూడా లెక్కేసుకోండి.

మూడోది బీగల్, 1:60. 1831లో డార్విన్ ఎక్కిన ఓడ. అసలుది 90 అడుగులు, నా టేబుల్ మీద ఒంటి పొడవు అడుగున్నర. లోపల మందపాటి పట్టీలు ఒక పొర, పైన పలుచటివి ఇంకో పొర. ఏప్రిల్‌లో మొదటి పొర వేశాను. వేడినీళ్లలో నానబెట్టి వంచి, పైన తడి ఆరింది కదా అని గంటలోనే అతికించేశాను. వారం తిరిగేసరికి సందుల్లో గోరు దూరుతోంది. కట్టె లోపలి తడి తర్వాత ఆరి, పట్టీలు అడ్డంగా కుంచించుకుపోయాయి. పాతూరులో తలుపులు చేసే పెద్దాయనకు చూపిస్తే, "తడి కట్టెకు ఫెవికాల్ పూస్తే ఎట్ల నాయనా, ఆరినాక అది దగ్గరికి పోతాది కదా" అన్నాడు. అదే కట్టెను అరగదీసిన పొడి ఫెవికాల్‌లో కలిపి సందులు నింపడం ఆయనే నేర్పించాడు. పై పొర వేశాక ఏమీ కనబడలేదు.

ఇప్పుడు వంచిన పట్టీని పిన్నులతో బిగించి, రాత్రంతా వదిలేసి మర్నాడు అతికిస్తున్నాను. కుడివైపు ఒకటి వేస్తే వెంటనే ఎడమవైపు ఒకటి, లేకపోతే వెన్నుపట్టె, అంటే ఓడ అడుగున పొడుగునా ఉండే కొయ్య, ఒక పక్కకు లాగేస్తుంది.

కిట్‌లో వచ్చే దారానికి నూగు ఎక్కువ, తేనెమైనం రుద్దితే అణుగుతుంది. తెరచాప కొయ్యల మీదికి ఎక్కే తాళ్ల నిచ్చెనల ముడులు ఎండాకాలంలో పొద్దున ఎనిమిదిలోపే వేస్తాను. తర్వాత ఫ్యాన్ లేకుండా కూర్చోలేం, ఫ్యాన్ వేస్తే దారం ఊగుతుంది. ముందు కొయ్యవి అయిపోయాయి, నడిమి కొయ్యవి సగంలో ఉన్నాయి.