నిమ్స్ నుంచి రెండు పేపర్లు: ముందు ఏది చదవాలి?

డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం హైదరాబాద్ నిమ్స్‌లో చేసిన రెండు పరిశోధనలను పక్కపక్కన పెట్టుకుని చదివాను. రెండింటిలోనూ ప్రశ్న ఒకటే: రెండు భాషలు మాట్లాడితే మెదడుకు మేలా?

2013లో వచ్చిన పేపరు 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల గురించి. ఒక్క భాషే వచ్చినవాళ్లకంటే రెండు, అంతకు మించి మాట్లాడేవాళ్లలో జబ్బు 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. మూడో భాష వల్ల అదనపు లాభం కనిపించలేదు. నన్ను ఆపేసింది ఇంకో మాట: చదువు రానివాళ్లలోనూ ఈ తేడా ఉంది. అంతకుముందు టొరంటోలో ఇలాంటి ఫలితమే వచ్చింది. కానీ అక్కడి రెండు భాషలవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు, కారణం అదేనేమో అన్న అనుమానం మిగిలింది. ఇక్కడ ఆ చిక్కు లేదు. అక్షరం ముక్క రాని మా అమ్మమ్మ లాడ్ బజార్‌లో గాజులు చేత్తో తిప్పి చూస్తూ "కిత్నే కూ దేతే?" అని అడిగి, అదే ఊపులో నావైపు తిరిగి "ఎక్కువ చెప్తున్నాడే" అనేది.

2016 నాటిది స్ట్రోక్ వచ్చిన 608 మందిది. ఆ తర్వాత కూడా ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవాళ్లు రెండు భాషలవాళ్లలో 40.5 శాతం, ఒక్క భాషవాళ్లలో 19.6 శాతం. మాట పడిపోవడంలో మాత్రం తేడా లేదు.

అంకెల్లో రెండోదే గట్టిది. అయినా ఇంట్లో పెద్దవాళ్ల మతిమరుపు చూసి టెన్షన్ పడేవాళ్లకు నేను మొదటిదే ఇస్తాను. జబ్బు రాదని అది చెప్పదు, ఆలస్యమవుతుందనే చెబుతుంది.