పన్ను కోతా, నేరుగా నగదా?

ఎన్నికల ముందు వాదన నాయకుల చుట్టూనే తిరుగుతుంది. పన్ను కోతైనా, నేరుగా నగదైనా, అడగాల్సింది మాత్రం ఆ హామీకి డబ్బెక్కడిదని.

ఆదాయపు పన్ను తగ్గిస్తే లాభం పన్ను కట్టేవాళ్లకే. పన్ను పరిమితి లోపు సంపాదించేవాళ్లకు దక్కేది సున్నా. పెట్టుబడులు పెరిగి, ఖజానాకు పడే లోటు దానంతటదే పూడుతుందని కోతల సమర్థకులు అంటారు. అంత తేలిగ్గా నమ్మకండి. 2022 సెప్టెంబరులో బ్రిటన్‌లో ప్రధాని లిజ్ ట్రస్ ప్రభుత్వం సుమారు 4,500 కోట్ల పౌండ్ల పన్ను కోతలను నిధుల లెక్క చూపకుండా ప్రకటించింది. ప్రభుత్వం అప్పు కోసం అమ్మే బాండ్ల వడ్డీలు ఎగబాకి ఇంటి రుణాలు ఖరీదయ్యాయి. అక్టోబరుకల్లా ఆమె పదవి ఊడింది.

నగదు బదిలీ పేదల చేతికి చేరి వెంటనే ఖర్చవుతుంది. కానీ లబ్ధిదారుల జాబితా తప్పులతడకైతే అర్హులే బయట మిగులుతారు. ఇచ్చే సొమ్ము పెంచకపోతే, ఏటా 6 శాతం ధరల పెరుగుదలకు 5 ఏళ్లలో పావు వంతు విలువ కరిగిపోతుంది. ధరలతో పాటే పెరిగేలా ధరల సూచీకి ముడిపెడితే నగదుకే మొగ్గు.