కుస్కోలో దిగండి, కానీ పడక మాత్రం కింది ఊళ్లో వేయండి

పెరూ దేశంలోని కుస్కో వెళ్లేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఒక్కటే. మొదటి మూడు రాత్రులు కుస్కోలో, ఆ తర్వాత ఇంకాల పాత కొండనగరం మాచు పిచు అని బుక్ చేసుకుంటారు. వరస తిరగేస్తే సగం ఇబ్బంది తప్పుతుంది. కుస్కో ఎత్తు 3,400 మీటర్లు. సముద్రం ఒడ్డున ఉన్న లీమా నుంచి విమానం గంటన్నర లోపే అక్కడ దించేస్తుంది. గాలి ఒత్తిడి ఒక్కసారిగా మూడింట రెండు వంతులకు పడిపోతుంది, ఒంటికి సర్దుకునే వ్యవధే ఉండదు. మాచు పిచు మాత్రం 2,430 మీటర్లే. దారిలో లోయలో వచ్చే ఊరు ఒయాంతాయ్‌తాంబో దాదాపు 2,800. అంటే కొండ మీద దిగి కిందికి వెళ్లే యాత్ర ఇది.

అందుకే విమానాశ్రయం నుంచి నేరుగా ఒయాంతాయ్‌తాంబో వెళ్లిపోండి. కారులో రెండు గంటల పైచిలుకు. దారి చిన్‌చెరో దగ్గర 3,700 మీటర్లు దాటుతుంది, దానికి కంగారు పడొద్దు. ఎక్కడ తిరిగామన్నదానికంటే ఎక్కడ పడుకున్నామన్నదే ఒంటికి ముఖ్యం. ఖర్చు తగ్గాలంటే కుస్కోలో పావితోస్ వీధి నుంచి షేర్ వ్యాన్లు ఉన్నాయి. సీట్లు నిండాకే కదులుతాయి. టాక్సీలకు మీటర్ ఉండదు, ఎక్కకముందే రేటు తేల్చుకోవాలి.

ఎత్తు వల్ల తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మామూలే. స్థానికులు దీన్ని సొరోచె అంటారు. ఇది రాకుండా, డాక్టరు సరేనంటే, అసిటజోలమైడ్ 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎత్తుకు చేరే ముందురోజు మొదలుపెట్టి చేరాక రెండు రోజులు వాడతారు. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. హోటల్లో ఇచ్చే కోకా టీ (కొకైన్ తీసే ఆకులతోనే కాస్తారు) ఊరటగా ఉంటుంది, అంతే, దాన్ని మందనుకోకండి. తాగితే డ్రగ్ టెస్టులో దొరికిపోవచ్చు. ఆకులు ఇంటికి తేవడం మరీ పెద్ద చిక్కు. ఆక్సీమీటర్‌లో ఆక్సిజన్ 88 శాతం కనబడగానే హడలిపోనక్కర్లేదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడక తూలినా, మాట తడబడినా మాత్రం మర్నాటిదాకా ఆగకుండా వెంటనే కిందికి దిగాలి, వైద్యుణ్ణి కలవాలి. ఫార్మసీలో అమ్మే ఆక్సిజన్ డబ్బా ఇచ్చే ఊరట నిమిషాలే.

ఒయాంతాయ్‌తాంబోలో ఉండటానికి ఇంకో కారణం రైలు. పెరూరైల్, 'ఇంకా రైల్' అనే రెండు కంపెనీల బళ్లలో ఎక్కువభాగం అక్కడి నుంచే బయల్దేరతాయి. మాచు పిచు కిందున్న ఊరు అగ్వాస్ కాలియెంతెస్‌కు రెండు గంటల లోపే. పెద్ద సూట్‌కేసును రైలెక్కనివ్వరు. బసలోనే వదిలి చిన్న సంచితో వెళ్లాలి, కాబట్టి రైలుకు ముందు రాత్రీ తర్వాత రాత్రీ ఒకే బసలో ఉంటే మంచిది. మాచు పిచు టికెట్ మీద సర్క్యూట్ (లోపల నడవాల్సిన దారి), ప్రవేశ సమయం రెండూ ఉంటాయి. పేరూ పాస్‌పోర్ట్ నంబరూ ఒక్క అక్షరం తేడా లేకుండా చూసుకోండి. జూన్ నుంచి ఆగస్టు వరకు రద్దీ, నెలల ముందే కొనాలి.

నాలుగో రోజుకు కుస్కో చేరితే ఊరు వేరుగా కనబడుతుంది, మెట్లెక్కినా గుండె దడదడలాడదు. బస ఎక్కడన్నదే ప్రశ్న. సాన్ బ్లాస్ అందమైన పేట, కానీ అంతా ఎగుడు, రాతి మెట్లు. సూట్‌కేసు చక్రాలు పనిచేయవు, చాలా ఇళ్ల ముందుకు టాక్సీ రాదు. మోకాళ్ల నొప్పులుంటే ఊరి నడిబొడ్డున ఉన్న ప్లాసా దె ఆర్మాస్ చౌకు కింద, అవెనిదా ఎల్ సోల్ రోడ్డు చుట్టుపక్కల చూడండి. మధ్యలో మండువా ఉన్న పాత స్పానిష్ ఇళ్లు బాగుంటాయి, గోడల నిండా చలి కూడా బాగానే ఉంటుంది. జూన్, జూలై రాత్రుల్లో వేడి సున్నా దాకా దిగుతుంది. చవక బసల్లో హీటరు ఉండదు. గదిలో హీటరు ఉందా, అద్దె అదనమా, గది మండువా వైపా వీధి వైపా అని బుక్ చేసేముందే అడగాలి. జూన్ 24న ఇంతి రాయ్మి, అంటే సూర్యుడి పండగ. ఆ వారం గది రేట్లు పెరుగుతాయి, టపాసుల మోత సరేసరి.

చూడాల్సినవాటికి బొలెతో తురిస్తికో అనే ఉమ్మడి టికెట్ ఉంది. విదేశీయులకు పెరూ డబ్బులో 130 సోల్‌లు, పది రోజులు, 16 చోట్లు. ఒక్కో సర్క్యూట్ (ఇక్కడ కొన్ని చోట్ల జట్టు) విడిగా కొంటే 70. ఊరిపైనున్న ఇంకాల కట్టడం సాక్సాయ్‌వామాన్ వైపూ లోయ వైపూ రెండూ చూడాలంటే 140 అవుతుంది కనుక పూర్తి టికెట్టే లాభం. కేథడ్రల్, కొరికాంచా ఆలయం, మారాస్ ఉప్పు మడులు ఇందులో రావు. కొరికాంచా టికెట్ వేరే కొని చూడాల్సిందే. అక్కడ ఇంకాల గోడల మీద స్పానిష్ వాళ్లు కట్టిన సాంతో దొమింగో మఠం 1950 భూకంపంలో దెబ్బతింది, కింది గోడలు చెక్కుచెదరలేదు. సున్నం పెట్టకుండా రాయికి రాయి అతికిన పనితనం అక్కడ కళ్లారా కనబడుతుంది.

సాక్సాయ్‌వామాన్‌కు ఊళ్లోంచి ఎక్కకండి. టాక్సీలో అన్నిటికంటే పైనున్న తాంబోమాచాయ్ దాకా వెళ్లి, పుకా పుకారా, కెన్‌కో, సాక్సాయ్‌వామాన్ చూసుకుంటూ దిగితే అంతా పల్లమే.

శాకాహారులకు క్వినోవా సూప్, బంగాళదుంపలు ఎక్కడైనా దొరుకుతాయి. అయితే మాంసం లేదంటే ముక్కలు లేవనే అర్థం, సూప్‌లో నీళ్లు కోడి ఎముకలు ఉడికినవే కావచ్చు. "సిన్ కాల్దో దె పోయో" (కోడి రసం లేకుండా) అని విడిగా అడగాలి.