ట్రక్కు లైట్లు వెలగకపోతే: టెస్ట్ బల్బా, మల్టీమీటరా?

మిర్చి సీజన్ మొదలైతే గుంటూరు యార్డుకు వచ్చే రోడ్ల మీద రాత్రంతా ట్రాక్టర్లే. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, నిండుగా ఎత్తిన ట్రక్కుకు (ట్రాక్టరుకు తగిలించి లాగే బండికి) వెనక ఒక్క ఎర్ర లైటు కూడా లేకపోతే, బైకు మీద వచ్చేవాడికి అది మీదికి వచ్చేదాకా కనపడదు. అందుకే లైట్లు బాగుచేసే పని రేపటికి వాయిదా వేసేది కాదు. లోపం ఎక్కడుందో పట్టుకోవడానికి చేతిలో ఏది ఉండాలన్నదే ప్రశ్న.

నా ఓటు టెస్ట్ బల్బుకే. ఇండికేటర్‌లో వాడే 21 వాట్ల బల్బు, హోల్డరు, రెండు వైర్లు, ఒక క్లిప్పు ఉంటే చాలు, ఇంట్లోనే చేసుకోవచ్చు. 12 వోల్టుల మీద అది దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. గుట్టంతా ఆ లాగడంలోనే ఉంది. వైరు లోపల పోగులు తెగి తగిలీ తగలకుండా ఉన్నా, పిన్ను మీద పచ్చగా చిలుము పట్టినా వోల్టులు కొలిచే మల్టీమీటరు మాత్రం 12 చూపిస్తుంది, ఎందుకంటే అది కరెంటు తీసుకునేది దాదాపు ఏమీ లేదు. కరెంటు వస్తోంది కదా అని మనం బల్బులు మారుస్తూ కూర్చుంటాం. అదే చోట టెస్ట్ బల్బు పెడితే మినుకుమంటుంది, లేదా అసలు వెలగదు.

ట్రక్కు లైట్ల వైరు తగిలించే, ట్రాక్టర్ వెనక ఉండే ఏడు పిన్నుల సాకెట్ దగ్గర మొదలుపెట్టండి. క్లిప్పును బ్యాటరీ నెగెటివ్‌కు తగిలించి, లైట్లు, ఇండికేటర్, బ్రేకు ఒక్కొక్కటిగా వేస్తూ, రెండో వైరు కొసను దాని పిన్నుకు తాకించండి. బల్బు నిండుగా వెలిగితే ఆ లైను సాకెట్ దాకా బాగున్నట్టే. వెలగకపోతే ముందు ఫ్యూజు చూడాలి. తర్వాత క్లిప్పును బ్యాటరీ పాజిటివ్‌కు మార్చి, ఎర్త్ పిన్నును, అంటే కరెంటు తిరిగి బ్యాటరీ నెగెటివ్‌కు చేరే దారిని, తాకించండి. ఇక్కడా నిండుగా వెలగాలి. మామూలు పద్ధతిలో ఎర్త్ మూడో పిన్ను, తెల్ల వైరు. కానీ రంగుల్ని నమ్ముకోవద్దు, రిపేరులో చేతికందిన వైరు వేసేసేవాళ్లు చాలామంది.

ఈ రెండూ బాగుంటే లోపం ట్రక్కులోనే. అక్కడ ముందు అనుమానించాల్సింది మళ్లీ ఎర్త్‌నే. ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు కూడా కొట్టుకుంటోందంటే దాదాపు అదే. ట్రక్కును ట్రాక్టరుకు తగిలించే కొక్కెం ద్వారా ఎర్త్ అందుతుందిలే అని వదిలేస్తారు, కానీ అక్కడ గ్రీజూ తుప్పూ ఉంటాయి, గతుకుల్లో తగిలీ తగలక పోతుంది. సాకెట్ నుంచి లైట్ల దాకా ఎర్త్‌కు విడిగా వైరు లాగడమే సరైన పని.

మరి మీటరు దండగా? కాదు. లైట్లు వేసి ఉంచి, మీటరును వోల్టుల మీద పెట్టి, దాని ఒక ప్రోబు (వైరు చివర ఉండే ముల్లు) బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది లైటు ఎర్త్ మీద పెట్టండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ బాగాలేనట్టే. ఎంత బాగాలేదో అంకెలో చెప్పడం బల్బు వల్ల కాదు. తెగిన వైరును బీప్ శబ్దంతో పట్టుకోవడానికీ మీటరే సుఖం.

కొత్త పికప్ అయితే నా లెక్క మారుతుంది. వాటిలో చాలా లైన్లు ఎలక్ట్రానిక్ యూనిట్ల గుండా వెళ్తాయి. సన్నటి సిగ్నల్ వైరుకు 21 వాట్ల బల్బు తగిలిస్తే లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు. అక్కడ మీటరుతోనే చూడండి. ట్రాక్టర్ ఒక్కటే ఉన్న రైతు మాత్రం ముందు బల్బు చేసుకుని టూల్ బాక్సులో పడేసుకుంటే చాలు, మీటరు తర్వాత కొనుక్కోవచ్చు.