ఫోర్క్‌లిఫ్ట్‌కు ఏ బ్యాటరీ మేలు: లెడ్ యాసిడా, లిథియమా?

"పాత బ్యాటరీలు చివరికొచ్చాయి. ఈసారి లిథియం వేసేద్దామా, మళ్లీ లెడ్ యాసిడే తెప్పిద్దామా?" ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇదే. ఒకరు ఫోన్ చేసి అడిగారు, ఒకరు నేరుగా గోడౌన్‌కే వచ్చి సరుకు ఎత్తి దించే మా ఫోర్క్‌లిఫ్ట్ బండ్లు చూసి మరీ అడిగారు. పోయినేడు మేమూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది. మాకున్న తొమ్మిది బండ్లలో ఆరింటికి లిథియం వేశాం, మూడింటికి లెడ్ యాసిడే ఉంచాం. ఎందుకలా విడదీశామో రాస్తే అడిగినవాళ్లందరికీ ఒకేసారి జవాబు చెప్పినట్టవుతుంది.

అందరూ ముందు ధర అడుగుతారు. తర్వాత ఎన్నేళ్లు వస్తుందని, ఆ తర్వాత ఎంతసేపట్లో ఛార్జ్ అవుతుందని. నేను మాత్రం వాళ్లను ముందుగా అడిగేది ఇంకొకటి. మీ బండి రోజు మొత్తంలో ఎప్పుడెప్పుడు, ఎంతెంతసేపు ఖాళీగా నిలబడుతుంది? అలా నిలబడ్డప్పుడు ప్లగ్ పెట్టేదెవరు? బ్యాటరీ బతుకు తేలేది ఇక్కడే. ఈ రెండు రకాల బ్యాటరీలూ మనుషుల నుంచి కోరే అలవాట్లు పూర్తిగా ఎదురెదురుగా ఉంటాయి. ఒకదానికి మంచిదైన అలవాటు రెండోదాన్ని చంపుతుంది.

లెడ్ యాసిడ్ సంగతి చూద్దాం. 1859లో గాస్టాన్ ప్లాంటే కనిపెట్టినప్పటి నుంచీ మూల సూత్రం మారలేదు: సీసం పలకలు, పలచని సల్ఫ్యూరిక్ యాసిడ్, సెల్‌కు రెండు వోల్టులు. 48 వోల్టుల బ్యాటరీ మూతలు లెక్కపెడితే 24 ఉంటాయి. దానికి ఇష్టమైన దినచర్య ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల ఛార్జింగ్, ఎనిమిది గంటలు చల్లబడటం. 80 శాతం దాకా వాడి, ఒక్కసారి పెట్టి, నిండేదాకా ప్లగ్ తీయకపోతే సుమారు 1500 సైకిళ్లు ఇస్తుంది. ఒకసారి నింపి వాడేస్తే ఒక సైకిల్. ఏడాదికి 300 పనిదినాలు, రోజుకో సైకిల్ వేసుకుంటే అయిదేళ్లు. ఒకటే షిఫ్ట్ నడిచేచోట ఆ అయిదేళ్లు ఏ గొడవా లేకుండా గడవడం నా కళ్లతో చూశాను.

అదే బ్యాటరీకి విరామంలో అరగంట, భోజనాల వేళ ముప్పావుగంట అంటూ ముక్కలు ముక్కలుగా ఛార్జింగ్ పెట్టారంటే రెండేళ్లలోనే నీరసిస్తుంది. దీనికో కారణముంది. బరువైన యాసిడ్ సెల్ అడుగుకు దిగుతుంది, పలచనిది పైన తేలుతుంది. ఛార్జింగ్ చివరి దశలో బుడగలు లేస్తాయి చూశారా, పైనా కిందా కలియదిప్పేది అవే. మధ్యలో ప్లగ్ పీకేస్తే ఆ దశ రానే రాదు. అడుగున యాసిడ్ చిక్కబడి పలకల్ని తింటుంది. పూర్తిగా ఛార్జ్ కాని పలకల మీద సల్ఫేట్ గట్టిపడి కూర్చుంటుంది. మా పాత బ్యాటరీల్లో రెండు ఇలాగే పోయాయి. యాసిడ్ ఎంత చిక్కగా ఉందో కొలిచే హైడ్రోమీటర్ పెట్టి చూస్తే నిండా ఛార్జ్ అయ్యాక 1.28 దగ్గర ఉండాల్సిన సెల్ 1.22 దాటి పైకి రాలేదు. ఆపరేటర్లను తప్పుపట్టడానికి లేదు. బండి ఖాళీగా ఉంది కదా, కాస్త ఛార్జింగ్ ఎక్కిద్దామనుకోవడం ఎవరైనా చేసేదే. ఫోన్‌తో మనందరం చేసే పనే అది.

ఆ సహజమైన అలవాటుకు అతికినట్టు సరిపోయేది లిథియం. ఫోర్క్‌లిఫ్టుల్లో ఇప్పుడు ఎక్కువగా వస్తున్నది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. సెల్‌కు 3.2 వోల్టులు, 16 సెల్స్ వరసగా పెడితే 51.2. దాన్ని నింపే తీరాలన్న పట్టింపు లేదు, సగంలో ప్లగ్ తీసినా దానికేం కాదు. గంటలో సగం నిండే ఛార్జర్ ఉందనుకోండి, పావుగంట విరామంలో 12 శాతం పైన, అరగంట భోజన విరామంలో 25 శాతం ఎక్కుతుంది. రెండు చిన్న విరామాలు, ఒక భోజనం కలిపితే సగం బ్యాటరీ. రెండు షిఫ్టులు నడిచే బండికి అదనపు బ్యాటరీ అక్కర్లేదు, దాన్ని మార్చే క్రేన్ అక్కర్లేదు, మార్చడానికి పోయే ఇరవై నిమిషాలూ మిగులుతాయి.

ఇంకో తేడా ఆపరేటర్ చేతికే తెలుస్తుంది. బండ్లన్నిటికీ లెడ్ యాసిడే ఉన్నప్పుడు మా రెండో షిఫ్ట్ అబ్బాయి ఒకరోజు వచ్చి, "సార్, రాత్రి పదయ్యాక పై ర్యాకుకి ప్యాలెట్ ఎత్తమంటే మాస్ట్ ఈడుస్తోంది సార్" అన్నాడు. మాస్ట్ అంటే ఫోర్కుల్ని పైకెత్తే నిలువు చట్రం. వెళ్లి పక్కన నిలబడి చూశాను. గేజ్ మూడు గీతల మీదుంది. లివర్ లాగితే పంపు మూలుగుతోంది, ఫోర్కులు మొదటి రెండు మీటర్లు మామూలుగానే లేచి ఆ పైన పాకుతున్నాయి. లెడ్ యాసిడ్ ఖాళీ అయ్యేకొద్దీ వోల్టేజ్ జారుతుంది, దాంతోపాటే బండి వేగమూ. లిథియం వోల్టేజ్ దాదాపు చివరిదాకా ఒకే మట్టంలో నిలుస్తుంది. అయితే దాని ప్రమాదమూ అక్కడే ఉంది. బాగా దిగిపోయాక, లోపల కాపలా కాసే ఎలక్ట్రానిక్స్, అంటే బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, బ్యాటరీని కాపాడుకోవడానికి కరెంటు కోసేస్తుంది. లెడ్ యాసిడ్ ముందే అలిసిపోయి చెబుతుంది, లిథియం చెప్పదు. అందుకని 20 శాతం దగ్గరే హెచ్చరిక మోగేలా పెట్టించాం.

ఇక ప్లగ్ పెట్టే మనిషి గురించి. లిథియం తీసుకుని కూడా షిఫ్ట్ చివర్లోనే ప్లగ్ పెట్టే చోట్లు రెండు చూశాను. అక్కడ పెట్టిన డబ్బంతా వృథా. ఛార్జర్ బ్యాటరీ గదిలో ఓ మూల ఉంటే పావుగంట విరామంలో అంతదూరం ఎవరూ తోలుకెళ్లరు. ఆపరేటర్లు కూర్చునే చోటికి పది అడుగుల్లో ఛార్జర్ ఉండాలి. మేము ఆరు ఛార్జర్లనీ లారీలకు సరుకు ఎక్కించి దించే డాక్ పక్కనే గోడకు బిగించాం. వారం తిరక్కుండానే ప్లగ్ పెట్టడం చేతికి అలవాటైపోయింది.

అప్పుడు ముందుగా ఊహించని చిక్కొకటి ఎదురైంది. విరామం అందరికీ ఒకేసారి. 300 ఆంపియర్లు ఇచ్చే ఛార్జర్ ఒక్కోటి సుమారు 15 కిలోవాట్లు లాగుతుంది. ఆరూ కలిస్తే 90. మూడో రోజు మధ్యాహ్నం మెయిన్ బ్రేకర్ పడిపోయింది. రెండు జట్లుగా చేసి విరామాలను వేర్వేరు వేళలకు మార్చాక సర్దుకుంది. లిథియం కొనేముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించుకుని మీ కనెక్షన్ లోడు చూపించండి. అమ్మేవాళ్లు ఈ మాట వాళ్లంతట వాళ్లు ఎత్తడం నేను చూడలేదు.

పాత బండికి కొత్తగా లిథియం వేయాలనుకునేవాళ్లు ఈ పేరా జాగ్రత్తగా చదవండి. ఫోర్క్‌లిఫ్ట్ అంటే చక్రాల మీద నడిచే తక్కెడ. ముందు చక్రాల ఇరుసు దానికి ఆధారం. ఒకవైపు ఫోర్కుల మీద సరుకు, రెండోవైపు బండి వెనక బరువు. ఆ వెనక బరువులో పెద్ద వాటా బ్యాటరీదే. అందుకే బండి నేమ్ ప్లేట్ మీద బ్యాటరీ కనిష్ఠ బరువు, గరిష్ఠ బరువు అని రెండంకెలు రాసి ఉంటాయి. మాకు వచ్చిన మొదటి లిథియం బ్యాటరీని పెట్టెలో దించేముందు క్రేన్ తూకానికి వేలాడదీశాను. నేమ్ ప్లేట్ మీది కనిష్ఠ బరువు 900 కిలోలు. తూకంలో చూపించింది 610. బరువు సరిపెట్టే ఇనుప దిమ్మలు కలిపి పంపిస్తామని ఆ అమ్మకందారు మాటిచ్చాడు, పంపలేదు. అడిగితే "అంత తేడా ఏం పడదు, నడుస్తుంది" అన్నాడు. ఆ మాటకు ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. 290 కిలోలు తగ్గిన బండి నిండు బరువును నాలుగు మీటర్లెత్తి బ్రేకు వేస్తే వెనక చక్రాలు నేల వదులుతాయి. లోపల కూర్చున్నది మనిషి. బ్యాటరీని అలాగే తిప్పి పంపించాం, దిమ్మలు బిగించి తెచ్చాకే దించుకున్నాం. మీరూ తూకం వేయకుండా దించుకోవద్దు, కాగితం మీద అంకె చూసి నమ్మొద్దు.

మూడింటికి లెడ్ యాసిడ్ ఎందుకు ఉంచామంటే, అవి ఒకే షిఫ్ట్ బండ్లు. సాయంత్రం ఆరుకు ఆగితే మళ్లీ పొద్దున ఎనిమిదికే. పద్నాలుగు గంటలు తీరిగ్గా నిలబడే బండికి రెండు గంటల్లో నిండే బ్యాటరీ ఎందుకు? పైగా మాకు వాటిని చూసుకునే మనిషి ఉన్నాడు. మేమంతా ఆయన్ని బాబాయి అంటాం. శనివారం మధ్యాహ్నం డిస్టిల్డ్ వాటర్ క్యాను, టార్చి పట్టుకుని ఒక్కో మూత తీసి చూస్తాడు. నీళ్లు ఛార్జింగ్ అయ్యాకే పోయాలి, ముందు పోస్తే ఛార్జింగ్‌లో యాసిడ్ ఉబ్బి పైకి పొర్లి పెట్టెను తినేస్తుంది. పలకలు బయటపడి కనిపిస్తే మాత్రం అవి మునిగేంత ముందే పోసి, మిగతాది తర్వాత. ఆయన చేతిలో ఒక బ్యాటరీ ఏడో ఏడు నడుస్తోంది. ఇలాంటి మనిషి లేనిచోట లెడ్ యాసిడ్ తీసుకోమని నేను చెప్పను. ఆ పని ఎవరిదో తెలియని గోడౌన్లలో సెల్స్ ఎండిపోయి మూతల చుట్టూ తెల్లటి పొర పేరుకుపోయి ఉంటుంది. ఛార్జింగ్‌లో వచ్చేది హైడ్రోజన్ కాబట్టి గాలి ఆడే గది కూడా కావాలి. గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు.

లెడ్ యాసిడ్ పక్షాన ఇంకో మాట కూడా చెప్పాలి. చచ్చిన బ్యాటరీని సీసం కోసం ఎవరైనా ఎగబడి కొంటారు, దాదాపు మొత్తం కరిగించి మళ్లీ వాడతారు. ఒక సెల్ పోతే ఆ సెల్ ఒక్కటే మార్చుకోవచ్చు. లిథియంలో ఏ చిన్న ఎలక్ట్రానిక్ కార్డు పోయినా కంపెనీ మనిషి వచ్చేదాకా బండి నిలబడాల్సిందే. మాకు ఒకసారి నాలుగు రోజులు నిలబడింది. ఇన్ని ఉన్నా, రెండు షిఫ్టులు నడిచేచోట నా ఓటు లిథియానికే.

మిగతావాటి గురించి క్లుప్తంగా. డీజిల్ బండి ఆరుబయట, ర్యాంపుల మీద, బాగా పెద్ద బరువులకు ఇప్పటికీ పనికొస్తుంది, మూసి ఉన్న గోడౌన్‌లోకి మాత్రం రానివ్వకండి. ఎల్పీజీ బండి సిలిండర్ అయిదు నిమిషాల్లో మార్చేయొచ్చు, కానీ దాని పొగలో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. 2024 జూన్‌లో అమెరికాలోని కాలిఫోర్నియా గాలి నాణ్యత బోర్డు ఇలాంటి ఫోర్క్‌లిఫ్టులను దశలవారీగా తప్పించే నిబంధనను ఆమోదించింది. హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్ బండ్లు మూడు నిమిషాల్లో నిండుతాయి, అమెరికాలో అమెజాన్, వాల్‌మార్ట్ గోడౌన్లలో వేలల్లో తిరుగుతున్నాయి. పది ఇరవై బండ్ల చోట దాని కోసం ట్యాంకు, పంపు పెట్టుకోవడం జరిగే పని కాదు.

మొన్న ఒకాయన కోల్డ్ స్టోరేజ్ సంగతేంటని అడిగారు. చలిలో లెడ్ యాసిడ్ శక్తి బాగా పడిపోతుంది, కాబట్టి లోపల లిథియమే నయం. అయితే లిథియం సెల్ సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జింగ్ పెట్టకూడదు. పెడితే లోపల లిథియం లోహంగా పేరుకుని సెల్ శాశ్వతంగా దెబ్బతింటుంది. ఛార్జర్‌ను చలిగది బయట పెట్టించండి. బ్యాటరీలో హీటర్ ఉండే రకమే తీసుకోండి. హీటర్ ఉందని నోటిమాటగా చెబితే సరిపోదు, ఎన్ని డిగ్రీల దగ్గర ఆన్ అవుతుందో ఆర్డర్ కాగితంలోనే రాయించుకోండి.