విజయనగరంలో లైనక్స్ సర్వర్‌కి తాళాలు వేసే సర్వీస్: పనికి నాలుగు స్టార్లు, కాగితానికి సున్నా

మా ఇన్‌స్టిట్యూట్ విజయనగరం కంటోన్మెంట్ వైపు ఉంది. సి, పైథాన్ నేర్పుతాం. ల్యాబ్‌లో పిల్లలందరూ లాగిన్ అయ్యేది ఒకే డెబియన్ (ఒక రకం లైనక్స్) సర్వర్‌లోకి. ఎవరి అకౌంట్ వాళ్ళది, కంపైలర్ మాత్రం అందరిదీ. ఆ సర్వర్ భద్రత చూడమని మూడు లాంతర్ల కూడలి దగ్గర సందులో, మేడ మీద ఉన్న ఒక చిన్న సర్వీస్ షాపు వాళ్ళని పిలిచాను. బోర్డు మీద ల్యాప్‌టాప్ రిపేర్లు, సీసీ కెమెరాలు అనే రాసుంటుంది. లైనక్స్ పని కూడా చేస్తారని అడిగితేనే తెలుస్తుంది.

వీళ్ళకంటే ముందు వైజాగ్ నుంచి ఒకాయన వచ్చి ఫైర్‌వాల్ బాక్సు, యాంటీవైరస్ కలిపి కొటేషన్ ఇచ్చి వెళ్ళాడు. ధర సంగతి అటుంచండి, సర్వర్‌లోకి ఎవరెవరు లాగిన్ అవుతారని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. నా టెన్షన్ బయటివాడి గురించి కాదు. మా కుర్రాళ్ళలో ఎవడో ఒకడు నెట్‌లో దొరికిన ప్రోగ్రామ్‌ని తన అకౌంట్‌లోనే కంపైల్ చేసి రూట్, అంటే సర్వర్ మొత్తం మీద హక్కులున్న యూజర్, అయిపోతే? మార్కుల ఫైళ్ళు కూడా ఆ మిషన్‌లోనే ఉన్నాయి.

ఈ షాపు కుర్రాడు కూర్చుంటూనే అడిగాడు, "మాస్టారూ, పిల్లలకి షెల్ ఇచ్చారా?" అని. కమాండ్లు కొట్టుకునే షెల్ ఇచ్చామన్నాను. "అయితే ఒకటి చూడండి" అని ఒక స్టూడెంట్ అకౌంట్ తెరిపించాడు. సుడో (రూట్‌గా కమాండ్ నడిపే వీలు) లేదు, ఏ హక్కులూ లేవు. ఎల్ఎస్‌మాడ్ అనే కమాండ్ కొట్టి, లోడైన మాడ్యూళ్ళ జాబితా చూపించాడు. మాడ్యూల్ అంటే కెర్నెల్‌కి, అంటే లైనక్స్ గుండెకాయకి, కావలసినప్పుడు తగిలించే కోడ్ ముక్క. తర్వాత నాలుగు లైన్ల సి ప్రోగ్రామ్ రాశాడు. అందులో ఉన్నదల్లా 132 నంబర్ నెట్‌వర్క్ ప్రోటోకాల్‌తో, అంటే ఎస్‌సీటీపీతో, ఒక సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్ కొస) తెరవడమే. దాన్ని నడిపి మళ్ళీ ఎల్ఎస్‌మాడ్ కొడితే, ఇందాక లేని ఎస్‌సీటీపీ మాడ్యూల్ జాబితాలో కూర్చుని ఉంది. మా ల్యాబ్‌లో ఆ ప్రోటోకాల్‌తో ఎవరికీ పని లేదు.

ఇన్నేళ్ళు లైనక్స్ వాడుతున్నా ఈ సంగతి ఇలా కళ్ళకి కట్టినట్టు ఎవరూ చూపించలేదు. ప్రోగ్రామ్ అడిగిన ప్రోటోకాల్ కెర్నెల్ దగ్గర లేకపోతే, కెర్నెల్ తనే, మాడ్యూళ్ళు ఎక్కించే మోడ్‌ప్రోబ్ కమాండ్‌ని నడిపించి మాడ్యూల్ తెప్పించుకుంటుంది. మోడ్‌ప్రోబ్ నడిచేది రూట్ హక్కులతో. అడిగింది మాత్రం మామూలు యూజర్. పెళ్ళి బంతిలో వడ్డించేవాడు విస్తరి ముందు కూర్చున్నది ఎవరని అడగడు కదా, అలాగన్నమాట. డిజిటల్ సంతకం ఉన్న మాడ్యూళ్ళే లోడవ్వాలని పెడితే సరిపోదా అని అడిగాను. సరిపోదు. లోడయ్యేది డిస్ట్రిబ్యూషన్ వాళ్ళు (మాకైతే డెబియన్) ఇచ్చిన అసలైన మాడ్యూలే. లోపం ఉంటే దాని కోడ్‌లోనే ఉంటుంది.

అలాంటి లోపాలు చాలాసార్లే బయటపడ్డాయి. 2010లో డాన్ రోజెన్‌బర్గ్ అనే భద్రతా పరిశోధకుడు ఆర్‌డీఎస్ అనే ప్రోటోకాల్‌లో ఒకటి పట్టుకున్నాడు. 2017లో ఆండ్రీ కొనొవలోవ్ డీసీసీపీ అనే ఇంకో ప్రోటోకాల్‌లో పట్టుకున్న లోపం 2005 నుంచీ అక్కడే ఉంది. ఎవరూ వాడని కోడ్‌ని ఎవరు పట్టించుకుంటారు? అదే ఏడాది అలెగ్జాండర్ పోపోవ్ ఎన్‌హెచ్‌డీఎల్‌సీ అనే సీరియల్ లైన్ మాడ్యూల్‌లో ఇంకోటి చూపించాడు. మూడింటి దారీ ఒకటే: మామూలు యూజర్ ఆ మాడ్యూల్‌ని లోడ్ చేయించి, అందులోని లోపం పట్టుకుని రూట్ అవడం. డెబియన్ వాళ్ళు కొన్ని అరుదైన ప్రోటోకాళ్ళకి ఈ ఆటోలోడ్‌ని, అంటే అడగ్గానే దానంతటదే లోడవడాన్ని, ముందే ఆపేశారు గానీ, అన్నిటికీ కాదు.

ఇక పని. ఎస్‌సీటీపీ, డీసీసీపీ, ఆర్‌డీఎస్, టిప్‌సీ లాంటివాటన్నిటికీ మోడ్‌ప్రోబ్ డాట్ డీ అనే సెట్టింగుల ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ లైన్ రాసి, మాడ్యూల్ బదులు, ఏమీ చేయకుండా ఫెయిలయ్యే ఫాల్స్ కమాండ్ నడిచేలా పెట్టాడు. బ్లాక్‌లిస్ట్ అని మాత్రమే రాసి వదిలేయలేదు, అక్కడే నాకు నమ్మకం కుదిరింది. బ్లాక్‌లిస్ట్ ఆపేది మారుపేర్లతో (ప్రోటోకాల్ నంబర్ లాంటివాటితో) వచ్చే పిలుపులనే. పేరు పెట్టి పిలిచినా, ఇంకో మాడ్యూల్‌కి తోడుగా కావలసి వచ్చినా ఆ మాడ్యూల్ లోడైపోతుంది. టెర్మినల్ లైన్ డిసిప్లిన్ల (ఎన్‌హెచ్‌డీఎల్‌సీ ఆ రకమే) ఆటోలోడ్‌కి కెర్నెల్ 5.1 నుంచి విడిగా ఒక స్విచ్ ఉంది, దాన్నీ సున్నా చేశాడు.

అక్కడితో ఆగి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. వెళ్తూ వెళ్తూ మాడ్యూల్స్ డిసేబుల్డ్ అనే పెద్ద స్విచ్ కూడా, బూట్ అయిన కాసేపటికి దానంతటదే పడేలా పెట్టేశాడు. అది ఒకసారి పడితే రీబూట్ చేసేదాకా రూట్ కూడా కొత్త మాడ్యూల్ ఎక్కించలేడు, స్విచ్ వెనక్కి తిప్పలేడు. అది మంచిదే, కానీ ముందు చెప్పాలి కదా! ప్రాక్టికల్స్ రోజున క్వశ్చన్ పేపర్ ఉన్న పెన్‌డ్రైవ్ పెడితే సర్వర్‌లో చలనం లేదు. పిల్లలు బయట వరండాలో నిలబడి ఉన్నారు. ఫోన్ చేస్తే, "యూఎస్‌బీ స్టోరేజ్, వీఫ్యాట్ బూట్‌లోనే లోడయ్యేలా రాయండి మాస్టారూ, రీబూట్ కొట్టండి" అన్నాడు. రాశాను, కొట్టాను. ఈసారి పెన్‌డ్రైవ్ కనిపించింది గానీ మౌంట్ కాలేదు, అంటే లోపలి ఫైళ్ళు అందలేదు. పెన్‌డ్రైవ్ ఫైళ్ళు చదివే వీఫ్యాట్‌కి తోడుగా అక్షరాల పట్టికల మాడ్యూళ్ళు కూడా ఉండాలట, ఎన్ఎల్ఎస్ సీపీ 437 లాంటివి. అవి కూడా రాసి ఇంకో రీబూట్ కొట్టాక గానీ పేపర్ తెరుచుకోలేదు.

మర్నాడు పిలవకుండానే వచ్చాడు, డబ్బులు అడగలేదు. యూపీఎస్ కేబుల్, ప్రింటర్, రెండు రకాల పెన్‌డ్రైవ్‌లు అన్నీ వరసగా పెట్టి చూసి, ఏవేవి ముందే లోడవ్వాలో జాబితా సరిచేశాడు. ఆ పని మొదటి రోజే చేయాల్సింది. అయినా పెద్ద స్విచ్ తీసేయమని నేను అనలేదు, ఉంచమన్నాను. మా సర్వర్‌కి రోజూ కొత్త పరికరాలేమీ తగిలించం. ఇంట్లో వాడుకునే ల్యాప్‌టాప్‌కి మాత్రం ఇది పెట్టించుకోకండి, చిరాకొస్తుంది. అక్కడ అక్కర్లేని ప్రోటోకాళ్ళు మూయించుకుంటే చాలు.

తీసుకున్నది 2,500 రూపాయలు, అడిగితే బిల్లు ఇచ్చారు. సాయంత్రం ఆరు దాటాక కూడా వస్తారు. సిరిమానోత్సవం రోజుల్లో మాత్రం పిలవకండి, ఆ సందులోంచి బండి బయటికి రాదు. స్టార్ తగ్గించింది పెన్‌డ్రైవ్ గొడవకి కాదు. ఏ ఫైల్లో ఏం మార్చారో కాగితం మీద రాసి ఇమ్మని అప్పటి నుంచీ అడుగుతున్నాను, "వాట్సాప్ పెడతాను మాస్టారూ" అంటున్నాడు. ఇంకా పెట్టలేదు. పెట్టిన రోజున ఆ స్టార్ కూడా ఇచ్చేస్తాను.