ప్రోవెంట్ 200 క్యాచ్ క్యాన్: రీమ్యాప్ చేసిన స్కార్పియోలో వాడాక నా మాట

డీజిల్ బండిని రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లో సెట్టింగులు మార్చి పవర్ పెంచడం) చేయించుకున్నవాళ్లు క్లచ్ తట్టుకుంటుందా, టర్బో తట్టుకుంటుందా అని ఆలోచిస్తారు కానీ ఇంజిన్ పైనుంచి టర్బో ముందు పైపులోకి వెళ్లే బ్రీదర్ పైపు వైపు ఎవరూ చూడరు. నాది పాత ఎంహాక్ స్కార్పియో. 2179 సీసీ, కంపెనీ ఇచ్చింది 120 హార్స్‌పవర్. రీమ్యాప్‌తో బూస్టూ (టర్బో ఇంజిన్‌లోకి తోసే గాలి ఒత్తిడి) పెరిగింది, డీజిలూ పెరిగింది, పికప్ అదిరిపోయింది. తర్వాతి సర్వీసులో టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు ఊడదీస్తే నల్లటి ఆయిల్ ధారగా కారింది. బ్రీదర్ పైపులో వచ్చే ఆయిల్‌ని పట్టే ఈ ప్రోవెంట్ క్యాచ్ క్యాన్ కొన్నది అందుకే.

అసలు జరిగేది ఇదీ. ఎంత మంచి ఇంజిన్ అయినా మండిన గ్యాస్‌లో కొంత పిస్టన్ రింగులను దాటుకుని కింద క్రాంక్ తిరిగే గదిలోకి, అంటే క్రాంక్‌కేస్‌లోకి దిగుతుంది. బ్లో-బై అంటే ఇదే, మెకానిక్ షెడ్లలో బ్యాక్ కంప్రెషన్ అంటారు. బూస్ట్ పెంచితే సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, దాంతో కిందికి దిగే గ్యాస్ కూడా పెరుగుతుంది. ఆ గ్యాస్ బయటికి వచ్చేటప్పుడు ఇంజిన్ ఆయిల్‌ని సన్నటి తుంపరగా మోసుకొస్తుంది. పాత ఇంజిన్లలో ఆ పైపుని రోడ్డు మీదికి వదిలేసేవాళ్లు, ఇప్పుడు కాలుష్యం రూల్స్ వల్ల మళ్లీ ఇంజిన్‌తోనే తాగిస్తున్నారు. అది టర్బో ఫ్యాన్‌కి అంటుకుని, ఇంటర్‌కూలర్ లోపల పూతలా పట్టి, అక్కడి నుంచి సిలిండర్లకి గాలి పంచే మానిఫోల్డ్‌లోకి వెళ్లి, పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ నుంచి వచ్చే మసితో కలిసి తారులా గట్టిపడుతుంది. గాలి వెళ్లే దారి ఏడాదికేడాది సన్నబడుతూ ఉంటుంది.

క్యాచ్ క్యాన్ పని ఆ తుంపరని మధ్యలోనే ఆపడం. ఆన్‌లైన్‌లో ఎరుపు, నీలం రంగుల్లో మెరిసే అల్యూమినియం డబ్బాలు తక్కువ ధరకే దొరుకుతాయి, చాలావాటిలో లోపల ఏమీ ఉండదు. తుంపరలో ఎక్కువ భాగం మైక్రాన్ లెక్కల్లో ఉంటుంది, ఖాళీ డబ్బాలో గాలితోపాటు తిరిగి గాలితోపాటే బయటికి పోతుంది. అడుగున నాలుగు చుక్కలు చూసి పనిచేస్తోందని సంతోషపడతాం, మిగతాదంతా టర్బోలోకే పోతుంటుంది. కొందరు లోపల స్టీల్ ఉన్ని కుక్కి ఇస్తున్నారు, దయచేసి అది పెట్టకండి, ఒక్క పోగు ఊడి టర్బో ఫ్యాన్‌కి తగిలినా చాలు.

ప్రోవెంట్‌ని జర్మనీకి చెందిన మాన్ హ్యూమెల్ కంపెనీ చేస్తుంది. ఆస్ట్రేలియాలో ప్రాడో, హైలక్స్ డీజిల్ బండ్లకి దీన్ని చాలా ఎక్కువగా వాడతారు. పేరులో ఉన్న 200 అంటే నిమిషానికి 200 లీటర్ల బ్లో-బై గ్యాస్‌కి సరిపోయే సైజు అని, మన 2.2 లీటర్ల ఇంజిన్‌కి ఎక్కువే. లోపల మార్చుకోదగ్గ ఫైబర్ ఫిల్టర్ ఉంటుంది. అందులో సన్న తుంపర ఒకదానితో ఒకటి కలిసి చుక్కలై కిందికి జారుతుంది. నాకు అంతకంటే నచ్చింది రిలీఫ్ వాల్వ్. ఫిల్టర్ మూసుకుపోతే అది తెరుచుకుని ఒత్తిడిని బయటికి వదిలేస్తుంది. ఇది లేని క్యాన్ మూసుకుపోతే క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరిగి క్రాంక్ వెనక సీల్ నుంచి ఆయిల్ కారడం మొదలవుతుంది, టర్బో నుంచి ఆయిల్ కిందికి దిగక టర్బోనే ఆయిల్ కక్కుతుంది. ఆ వెనక సీల్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. క్యాన్‌లో మిగిల్చిన డబ్బులకి ఎన్నో రెట్లు అక్కడ పోతాయి.

ఫిట్టింగ్ కాస్త పనే. ప్లాస్టిక్ బాడీ, పెద్ద సైజు, బ్యాటరీ పక్కన బ్రాకెట్ చేయించి పెట్టించాను. పైపు నోళ్లు 25 మిల్లీమీటర్లు, బండి పైపుకి కలపడానికి అడాప్టర్ కావాలి. హోస్ దగ్గర మాత్రం రాజీ పడకండి. స్పేర్ పార్ట్స్ షాపులో అడిగితే చేతికి అందిన హీటర్ హోస్ ఇచ్చేస్తారు, అది కూలెంట్‌కి పనికొచ్చే రబ్బరు, ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. మామూలు సిలికాన్ హోస్ చూడటానికి బాగుంటుంది కానీ కొన్నాళ్లకి పైన ఆయిల్ చెమటలా పడుతుంది. నైట్రైల్ ఆయిల్ హోస్ అని గట్టిగా అడిగి తీసుకోండి. మధ్యలో ఎక్కడా పైపు వేలాడి నీళ్లు నిలిచేలా ఉండకూడదు. కింద డ్రెయిన్‌కి బాల్ వాల్వ్ పెట్టించాను, పట్టుకున్న ఆయిల్‌ని తిరిగి సంప్‌లోకి (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టిలోకి) పంపడం నాకు ఇష్టం లేదు, అందులో నీళ్లూ డీజిల్ మసీ కలిసి ఉంటాయి.

ఫలితం విషయానికొస్తే, ఔటర్ రింగ్ రోడ్డు మీద తిరిగినప్పుడు కొంచెమే పడుతుంది, నల్లటి పలచని ఆయిల్. ఫుల్ లోడ్‌తో అనంతగిరి ఘాట్ మీదుగా అరకు ఎక్కించాక డ్రెయిన్ చేస్తే తేడా కళ్లకి కనిపించింది, సెకండ్, థర్డ్ గేర్లలో బూస్ట్ మీదే లాగుతూ వెళ్లే దారి కదా. చలికాలం దగ్గరి దగ్గరి తిరుగుళ్లలో మాత్రం కాఫీ రంగులో చిక్కగా వస్తుంది, అది నీటి ఆవిరి ఆయిల్‌తో కలవడం వల్లే, హెడ్ గ్యాస్కెట్ పోయిందని టెన్షన్ పడక్కర్లేదు, కూలెంట్ లెవల్ తగ్గకుండా ఉంటే చాలు. పెట్టేముందు ఇంటర్‌కూలర్, పైపులు కడిగించాను. తర్వాత విప్పి చూస్తే వేలికి సన్నటి తడి తప్ప ఏమీ లేదు. మైలేజ్ పెరగలేదు, పికప్ పెరగలేదు, పొగ తగ్గలేదు. అవన్నీ జరుగుతాయని చెప్పి అమ్మేవాళ్ల మాట నమ్మకండి.

ఒక్కటి మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి, ఇది బ్లో-బైని తగ్గించదు. క్యాన్ మామూలు కంటే త్వరగా నిండుతోందంటే రింగుల సంగతి చూడాలి. ఐడిల్‌లో ఆయిల్ మూత తీసి తిరగేసి పెడితే ఎగిరి పడుతోందా, గుప్పుగుప్పున పొగ వస్తోందా చూడండి. ఇంకా నమ్మకమైన పద్ధతి, పారదర్శకమైన ట్యూబ్‌ని యూ ఆకారంలో వంచి నీళ్లు పోసి, ఒక చివర ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ గొట్టానికి తగిలించడం. రెండు వైపులా నీటి మట్టం తేడా ఎంతో క్యాన్ పెట్టకముందు, పెట్టాక కొలవండి. పెట్టాక ఒత్తిడి పెరిగిందంటే క్యానో పైపో అడ్డుపడుతోంది. పెట్టకముందే ఎక్కువుంటే ముందు కంప్రెషన్ టెస్ట్ చేయించండి. రింగులు అరిగిన డీజిల్ ఇంజిన్ తన ఆయిల్‌నే ఇంధనంగా తాగి, తాళం తీసేసినా ఆగకుండా రేస్ అయిపోగలదు, అప్పుడు గాలి మూసేస్తేనే ఆగుతుంది. ఆ స్థితిలో ఉన్న బండికి క్యాన్ పెట్టి ఊరుకోవడం ప్రమాదం.

వారంటీలో ఉన్న మామూలు బండికి దీని అవసరం పెద్దగా లేదు, ఆయిల్ టైముకి మార్చుకుంటే సరిపోతుంది. రీమ్యాప్ చేయించినవాళ్లు, ఘాట్లలో, లోడ్‌తో, ఆఫ్‌రోడ్‌లో తిప్పేవాళ్లు తప్పకుండా పెట్టించుకోండి. అచ్చం ఇలాగే కనిపించే నకిలీలు ఆన్‌లైన్‌లో చాలా ఉన్నాయి, ధర మరీ తక్కువగా ఉంటే అనుమానించండి. కొనేటప్పుడే ఒక ఫిల్టర్ అదనంగా తెప్పించుకోండి, మన ఊళ్లలో షాపుకి వెళ్లి అడిగితే దొరికే వస్తువు కాదు.